గుడ్డకు అటువైపు

ఎలుగుబంటి ఎదురైతే పరిగెత్తకూడదని గేటు దగ్గర గార్డమ్మ చెబుతున్నప్పుడు మా ఆయన ఆవలించాడు. ఆయన తప్పేం లేదు. రోజూ తెల్లవారకముందే లేచి పిండి కలిపే మనిషికి సెలవు దొరికితే కళ్లు వాటంతటవే మూతలు పడతాయి. కానీ నా చంకలో పిల్ల ఉంది. అందుకని ఆవిడ చెప్పిన ప్రతి మాటనూ లోలోపల మళ్లీ ఒకసారి అనుకుంటూ విన్నాను.

"తినేది ఏదీ టెంటులో పెట్టుకోకండి. తినేదంటే అన్నం, రొట్టె అని కాదు. సబ్బు, పళ్లపేస్టు, పిల్లకి రాసే నూనె, పాలసీసా, పాలు కక్కిన గుడ్డ, అన్నీ. మనకి వాసన రానిది కూడా దానికి వస్తుంది. అక్కడ ఇనప పెట్టె ఉంటుంది, అందులో పెట్టి గడియ వెయ్యండి. వంట కింద వాగు దగ్గర చేసుకోండి, టెంటు దగ్గర వద్దు. వంట చేసినప్పటి బట్టలతో పడుకోవద్దు. నడిచేటప్పుడు మాట్లాడుకుంటూ నడవండి, మీరు వస్తున్నట్టు దానికి తెలియాలి. కనిపించిందా, వెన్ను చూపించకండి. అందరూ ఒకచోట చేరి, దానివైపే చూస్తూ మెల్లగా వెనక్కి జరగండి. అది పోవడానికి దారి వదలండి."

"మరి మీదకి వస్తే?" అని అడిగాను.

గార్డమ్మ నా వంక కాకుండా పిల్ల వంక చూసింది. "అంతదాకా తెచ్చుకోకండమ్మా" అంది.

మా అన్నయ్య గట్టిగా తుమ్మాడు. అన్నయ్య అంటే నా సొంత అన్న కాదు, మా వదిన మొగుడు. వదిన మా ఆయనకు అక్క. అన్నయ్యకు ఏడాది పొడుగునా జలుబే. బస్సు డ్రైవరు. ఆయన తుమ్మితే బస్సులో నిద్రపోతున్నవాళ్లు తమ స్టాపు వచ్చిందనుకుని లేస్తారని వదిన అంటుంది.

"చెల్లెమ్మా, ఈ తుమ్ము వింటే ఎలుగుబంటి పక్క ఊరికి పోతుంది. నువ్వు నిశ్చింతగా పడుకో" అన్నాడు.

"పక్క ఊరివాళ్లేం పాపం చేశారు?" అంది వదిన.

అందరూ నవ్వారు. గార్డమ్మ మాత్రం నవ్వలేదు. కారు గేటు దగ్గరే వదిలి, సామాను వీపులకు తగిలించుకుని, కొండవాలు బాటలో పైకి నడిచాం. మా బేకరీ ఓవెన్‌లో పగిలిన ఇటుకలు మారుస్తున్నారు కాబట్టి దొరికిన సెలవు ఇది. బన్ను పుట్టాక మా ఆయనకు ఇదే మొదటి సెలవు. బన్ను అంటే మా పిల్ల. పుట్టినప్పుడు గుండ్రంగా, పైన కాస్త ఎర్రగా ఉందని వాళ్ల నాన్న పెట్టిన ముద్దుపేరు. ఇప్పుడు గోడ పట్టుకోకుండా నడుస్తుంది. కనిపించిన జంతువునల్లా "బౌ" అంటుంది.

బాట పొడుగునా నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఏం మాట్లాడానో నాకే తెలియదు. "మీ ఆవిడకి ఊపిరాడుతోందా?" అని వదిన తమ్ముణ్ణి అడిగింది. "ఆడుతోంది కాబట్టే మనకి ఆడనివ్వడం లేదు" అన్నాడాయన. అననీ. నా కళ్లు చెట్ల మొదళ్ల మీదే ఉన్నాయి. ఒక మానుకు బెరడు నిలువునా చీరి ఉంది. చీలికల్లోంచి జిగురు ఇంకా కారుతోంది. అన్నయ్య చెయ్యెత్తి చూశాడు. ఆ గీతలు మొదలైన చోటు ఆయనకు అందలేదు.

టెంట్లు వేసుకునే చోటు చదునుగా, గడ్డి మీద ఉంది. వెనక దట్టమైన పొదలు, ముందు వాలు, వాలు కింద వాగు. మేం రెండు టెంట్లు వేశాం. అన్నయ్యవాళ్లది కొత్తది. మాది పాతది, లేత ఆకుపచ్చది, పెళ్లికి ముందు మా ఆయన స్నేహితులతో తిరిగినప్పటిది. బేకరీ వెనక సామాన్ల గదిలోంచి తీసి తెచ్చాడు. అది విప్పుతుంటే గుడ్డ అక్కడక్కడ చేతికి అంటుకున్నట్టు అనిపించింది. ఎన్నాళ్లో మడతలో ఉంది కదా అనుకున్నాను.

ఇక నా పని మొదలైంది. సంచులన్నీ గడ్డి మీద కుమ్మరించాను. పాలపొడి, బిస్కెట్లు, సబ్బు, పేస్టు, బన్ను దగ్గుమందు, ఆఖరికి పెదాలకు రాసుకునే డబ్బీ కూడా ఇనప పెట్టెలోకి పోయింది. మా ఆయన జేబులు తడిమాను. ఒక జేబులో రస్కు ముక్క దొరికింది.

"ఇదేంటి?"

"అది ఎప్పటిదో. దాన్ని ఎలుగుబంటి కాదు కదా, ఎలక కూడా ముట్టదు."

"పెట్టెలో వెయ్యి."

"నన్ను కూడా పెట్టెలో వేసి గడియ పెట్టు, పీడా పోతుంది."

వదిన పకపకా నవ్వింది. "ఒరేయ్, పెళ్లాం చెప్పినట్టు వినరా. నీ ఒళ్లంతా వెన్నే. ఎలుగుబంటి నిన్నే ముందు ఎత్తుకుపోతుంది."

వంట కింద వాగు దగ్గరే చేశాం. వంట చేసినప్పటి బట్టలు మార్చుకున్నాం. గిన్నెలు బూడిదతో తోమి, మెతుకు కూడా లేకుండా కడిగాను. పెట్టె గడియ నేనే వేశాను, మళ్లీ వెళ్లి చూశాను. చెప్పినవన్నీ చేశానన్న ధైర్యంతో బన్నును పక్కలో వేసుకుని పడుకున్నాను. తెల్లవారే ముందు మగతలో ఏదో చప్పుడు వినిపించింది. ఎవరో తాపీగా టీ జుర్రుతున్నట్టు. మా ఆయన గురక అనుకుని అటు తిరిగాను. ఆయన గురక పెట్టడం లేదు.

పొద్దున్న లేచి చూస్తే టెంటుకు ఒక పక్క, బయటివైపు, తడి. దోసిలికి రెండింతలు ఉంటుంది. బన్ను తల పెట్టుకుని పడుకున్న పక్కే.

"మంచు" అన్నాడు మా ఆయన.

"మంచు ఒక్కచోటే పడుతుందా?"

"చెట్టుమీంచి కారి ఉంటుంది."

పైన చెట్టు లేదు. ఆయన తలెత్తి చూశాడు, దించుకున్నాడు. ఆ తడి మీద నల్లటి వెంట్రుక ఒకటి అంటుకుని ఉంది, చీపురుపుల్లలా బిరుసుగా. తీసి ఆయనకు చూపించాను.

"అక్కది" అన్నాడు.

"నా జుట్టు అంత ముతగ్గా ఉంటుందట్రా? నాలుగు రాళ్లు పోసి నూనె రాసుకుంటున్నాను" అని వదిన దెబ్బలాటకు వచ్చింది. వచ్చి, వెంట్రుకను చేతిలోకి తీసుకుంది. ఆమె నవ్వు సగంలో ఆగిపోయింది.

అన్నయ్య వెళ్లి ఇనప పెట్టె చూసి వచ్చాడు. గడియ వేసింది వేసినట్టే ఉంది. పెట్టె చుట్టూ గడ్డి నలగలేదు. "చూడు చెల్లెమ్మా. అంత తిండి పెట్టెలో పెట్టుకుంటే, వచ్చినది పెట్టె దగ్గరికి పోకుండా ఉత్త గుడ్డని నాకి పోతుందా? దానికేమన్నా మతి పోయిందా?"

ఆ మాటలో న్యాయం ఉంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. తిండి కోసం రానిది దేనికోసం వచ్చింది?

"ఇప్పుడే దిగిపోదాం" అన్నాను.

మా ఆయన ముఖం చిన్నబోయింది. "ఒక్క పూట. తిని బయల్దేరదాం. నేను చెట్టు కింద పడుకుని ఎన్నేళ్లయిందో తెలుసా?"

ఆయన ముంజేతుల మీద ఓవెన్ వాతలు వరసగా ఉంటాయి. వాటిని చూస్తూ గట్టిగా కాదనలేకపోయాను. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. అన్నయ్య గేటు దగ్గరికి దిగి ఈ తడి సంగతి గార్డమ్మకు చెప్పి వస్తాడు. ఈలోగా మేం వండుకుంటాం. తిన్న వెంటనే దిగిపోతాం. అన్నయ్య తుమ్ముకుంటూ బాట దిగి వెళ్లాడు. ఆ తుమ్ములు చాలా దూరం దాకా వినిపించి, తర్వాత వినిపించడం మానేశాయి.

ఎండ బాగా ఎక్కాక బన్నుకు నిద్ర వచ్చింది. టెంటు ముందు తెర పైకి కట్టి, లోపల పడుకోబెట్టి జోకొట్టాను. ఆ టెంటులో తినేది ఏమీ లేదని నాకు తెలుసు. అయినా పక్కబట్టలు ఎత్తి చూశాను, దిండు గలీబు విప్పి చూశాను. ఏమీ లేదు. బయటికి వచ్చి ఆ తడి ఆరిందా అని వెనక్కి వెళ్లాను.

తడి ఆరింది. చీమలు పట్టాయి.

తడి ఆరిన చోట మాత్రమే అయితే ఏమో అనుకుందును. గుడ్డ నిండా ఉన్నాయి. నేలమీంచి బారులు బారులుగా ఎక్కి, కుట్ల వెంట, మడతల గీతల వెంట పాకుతున్నాయి. ఎక్కడికీ పోవడం లేదు, దేన్నీ మోసుకురావడం లేదు. గుడ్డనే పట్టుకుని ఉన్నాయి. అన్నయ్యవాళ్ల టెంటు చూశాను. ఒక్క చీమ లేదు.

వేలు తడి చేసుకుని మా టెంటు కుట్టు మీద రాసి, నాలుకకు తాకించుకున్నాను.

తీపి.

ముక్కు ఆనించి గట్టిగా పీల్చాను. నాకు ఏ వాసనా రాలేదు. ఎలా వస్తుంది? బేకరీ మీద అంతస్తులో కాపురం. మా ఇంటికి ఎవరు వచ్చినా మెట్ల దగ్గరే ఆగి "అబ్బా, ఏం వాసనండీ" అంటారు. కాపురానికి వచ్చిన కొత్తలో నేనూ అలాగే అన్నాను. ఇప్పుడు నాకు వెనీలా వాసనా తెలియదు, మాడిన పాకం వాసనా తెలియదు. వదినా, మా ఆయనా పుట్టిందే ఆ ఇంట్లో. అన్నయ్యకు ముక్కే లేదు. ఈ టెంటును నిన్నటినుంచి నలుగురం మోశాం, విప్పాం, వేశాం. నలుగురిలో ఒక్కరికీ తెలియలేదు.

"వదినా, ఇక్కడినుంచి కదలకండి. పిల్లని చూస్తూ ఉండండి. ఇప్పుడే వస్తాను" అని టెంటు ముందు వదినను కూర్చోబెట్టి వాలు దిగాను. మా ఆయన వాగు దగ్గర పొయ్యి ఊదుతున్నాడు.

"ఆ టెంటుని సామాన్ల గదిలో దేని మీద పెట్టావు?"

"దేని మీదో... ఎందుకు?"

"చెప్పు."

ఆయన నా ముఖం చూసి ఊదడం ఆపాడు. "వానలకి గది కారింది కదా. పాకం డబ్బాల్లో నీళ్లు పడతాయని పైన కప్పాను. బన్నుల మీద పూసే పాకం. ఆ తర్వాత ఉతికాను. రెండుసార్లు జాడించి మేడ మీద ఆరేశాను."

"ఎన్నాళ్లు కప్పి ఉంచావు?"

"వానలు పోయేదాకా. ఒక డబ్బా కారింది కూడా. కానీ ఉతికాను. నిజం. నాకు వాసన ఏం రాలేదు."

నేను ఏం అనబోయానో నాకు గుర్తులేదు. అప్పుడే వదిన ప్లాస్టిక్ డబ్బా ఊపుకుంటూ వాలు దిగుతూ వచ్చింది. "బంగారుతల్లి మంచి నిద్రలో ఉందే. ఇక్కడినుంచి కనిపిస్తూనే ఉంది కదా, గుక్కెడు నీళ్లు పట్టుకుని..."

మేమిద్దరం ఒకేసారి పైకి చూశాం.

టెంటు వెనక పొదల్లోంచి ఒక నల్లటి వీపు బయటికి వచ్చింది. తొందరపడలేదు. తెలిసిన ఇంటికి వస్తున్నట్టు వచ్చింది. తల వంచి గుడ్డకు మూతి ఆనించింది.

మా ఆయన లేచి పరిగెత్తబోయాడు. చొక్కా వెనక పట్టుకున్నాను. కుట్టు పట్టుమని తెగింది. "పరిగెత్తకు" అన్నాను. ఆయన గిన్నె, గరిటె అందుకున్నాడు. చప్పుడు చేస్తే పోతుందని గేటు దగ్గర బోర్డు మీద రాసి ఉంది. కానీ దాని ముందుకాలు అప్పటికే గుడ్డ మీద ఉంది. ఉలిక్కిపడితే ఆ గోళ్లు ఎటు పోతాయి? గుడ్డకు ఇవతల నా పిల్ల ఉంది.

"చప్పుడు చెయ్యకు. ముందు పిల్ల. పిల్లని బయటికి తెచ్చాక కొట్టండి."

"నేను వెళ్తాను."

"నువ్వు ఎత్తుకుంటే ఏడుస్తుంది. నిద్రలో నిన్ను చేరదు. నీకు తెలుసు."

ఆయనకు తెలుసు. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. నేను వాలు ఎక్కడం మొదలుపెట్టాను. నడిచాను, అంతే. మాట్లాడుతూ నడవమన్నారు కాబట్టి మాట్లాడాను. "ఇదిగో అమ్మ వస్తోంది. అమ్మ మెల్లగా వస్తోంది. ఏం లేదు, ఎవరూ లేరు, అమ్మే." బన్నుకు చెబుతున్నానో దానికి చెబుతున్నానో తెలియలేదు. అది ఒకసారి తలెత్తి టెంటు పైనుంచి నన్ను చూసింది. చిన్న కళ్లు. వాటిలో కోపం లేదు, భయమూ లేదు. మళ్లీ తల దించుకుంది.

టెంటు ముందు మోకాళ్ల మీద కూర్చుని లోపలికి తొంగిచూశాను.

బన్ను నిద్రపోవడం లేదు. లేచి, నాకు వీపు పెట్టి, వెనక గుడ్డ ఎదురుగా కూర్చుని ఉంది. గుడ్డ లోపలికి ఉబ్బి ఉంది. ఒక పెద్ద ముక్కు ఆకారం, దాని కింద మూతి. గుడ్డ తడిసి నల్లబడింది. ఊపిరి తీసినప్పుడు గుడ్డ వెనక్కి పోతోంది, వదిలినప్పుడు పిల్ల ముఖం దాకా వస్తోంది. కుక్క నీళ్లు తాగుతున్న చప్పుడు. నా పిల్ల అరచేత్తో ఆ ముక్కు మీద తడుతోంది. తట్టినప్పుడల్లా నవ్వుతోంది.

"బౌ" అంది, వెనక్కి తిరిగి నాకు చూపిస్తూ.

"అవునమ్మా, బౌ. దా. అమ్మ దగ్గరికి దా."

రాలేదు. మంచి ఆట వదిలి ఏ పిల్ల వస్తుంది? లోపలికి పాకి లాక్కోవచ్చు. లాక్కుంటే గొంతు చించుకుంటుంది. ఆ గొంతు ఎలాంటిదో మా వీధి వీధంతటికీ తెలుసు. ఇద్దరం లోపల ఉండగా పిల్ల అరిస్తే, గుడ్డ అవతలిది ఏం చేస్తుందో నాకు తెలియదు. తడి గుడ్డ మీద ఒకచోట చిన్న మొన తేలింది. గోరు. అది నింపాదిగా కిందికి జారుతుంటే గుడ్డ సన్నగా పర్ర్ మంది.

పిల్లకు తెలిసిన ఆట కావాలి. ఈ ఆటకంటే పెద్దది. బన్నుకు అలాంటిది ఒక్కటే ఉంది. నేను మెడలోని చున్నీ తీసి తలమీంచి ముఖం నిండా కప్పుకున్నాను.

"దోబూచి... దోబూచి... అమ్మ ఏదీ? బన్నూ, అమ్మ ఏదమ్మా?"

చున్నీ లోపల నాకు ఏమీ కనిపించలేదు. వెలుతురు మాత్రం ఎర్రగా ఉంది. నాకుతున్న చప్పుడు ఆగింది. అది వింటోంది. నా గొంతు వణకకూడదు. వణికితే పిల్లకు తెలిసిపోతుంది, జ్వరం వచ్చినప్పుడూ అంతే. నేను నవ్వుతుంటే నవ్వుతుంది. నవ్వాను. "అమ్మ లేదు. అమ్మ పోయింది. అమ్మ ఎక్కడుంది?" గుడ్డ చిరుగుతున్న చప్పుడు మళ్లీ వచ్చింది, ఈసారి పొడుగ్గా. లోపలికి గాలి వచ్చింది. ఆ గాలి వాసన మాత్రం నాకు తెలిసింది. కుళ్లిన ఆకులు, తడిసిన గొంగళి.

చున్నీ తీసి చూడాలని నా చేతులు పీకాయి. తీస్తే ఆట అయిపోతుంది. పిల్ల అక్కడే ఉండిపోతుంది.

"అమ్మ ఏదీ..."

పక్కబట్ట మీద చిన్న మోకాళ్లు పాకిన సవ్వడి. ఆగింది. మళ్లీ పాకింది. చున్నీ అంచును ఒక బుల్లి పిడికిలి పట్టుకుని లాగింది.

"ఆమ్మ!"

ముఖం మీద నవ్వుతో, చొంగతో నా పిల్ల. దాని భుజం మీదుగా చూస్తే గుడ్డలో నిలువు చీలిక, ఆ చీలికలో నల్లటి తడి ముక్కు. పిల్లను గుండెకు అదుముకుని మోకాళ్ల మీదే వెనక్కి జరిగాను. కాలు పక్కబట్టలో చిక్కుకుంది. విదిలించుకున్నాను. బయట ఎండ నా వీపు మీద పడేదాకా ఊపిరి తీసుకోలేదు. లేచి నిలబడి, అటే చూస్తూ, వెనక్కి, ఇంకా వెనక్కి. మా ఆయన చెయ్యి భుజానికి తగిలింది. వదిన ఇంకో పక్క వచ్చి ఆనుకుంది.

అప్పుడు కొట్టారు. గిన్నె మీద గరిటె, డబ్బా మీద రాయి. వదిన నోటికొచ్చినట్టు తిట్టింది. బన్ను అప్పుడు మొదలుపెట్టింది ఏడుపు.

ఎలుగుబంటి లేచి వెనక కాళ్ల మీద నిలబడింది. టెంటు దాని పొట్ట దాకా వచ్చింది. మా వంక చూసింది, ముక్కు ఎగబీల్చింది. దాని వెనక అడవి అంతా తెరిచే ఉంది. పోవచ్చు. పోలేదు. మా చప్పుడును చివరిదాకా విని, ఇంతేనా అన్నట్టు కిందికి దిగి, చీలికలో రెండు కాళ్లూ పెట్టి టెంటును రెండుగా చింపింది. మేకులు ఒక్కొక్కటే ఊడివస్తున్న చప్పుడు మాకు వినిపించింది. ఆ పక్కబట్ట మీదే ఇందాక నా పిల్ల కూర్చుని ఉంది.

మేం బాట వెంట వెనక్కి వెనక్కి నడిచాం. మలుపు తిరిగాక కూడా ముందుకు తిరగడానికి నాకు ధైర్యం చాలలేదు. "ఏదో ఒకటి మాట్లాడండ్రా" అంది వదిన. మా ఆయన ఏడుపు గొంతుతో "మిల్క్ బ్రెడ్డు, ఫ్రూట్ బ్రెడ్డు, క్రీమ్ బన్ను..." అని రోజూ కొట్టులో చెప్పేదే మొదలుపెట్టాడు. "ఒరేయ్, తిండి పేర్లు చెప్పకురా సన్నాసీ!" అని వదిన వీపు మీద ఒకటి వేసింది. నవ్వొచ్చింది. ఆ నవ్వు ముగ్గురికీ ఏడుపుగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు.

గార్డమ్మ గది గేటు పక్కనే ఉంది. అన్నయ్య అప్పుడే ఆవిడతో పైకి బయలుదేరబోతున్నాడు. మమ్మల్ని చూసి ఆగిపోయాడు. జరిగింది నేనే చెప్పాను. మా ఆయన పాకం సంగతి తనే చెప్పాడు, నేల చూస్తూ. గార్డమ్మ మమ్మల్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇన్నాళ్లూ దానికి తిండి అంటే పెట్టె, చెత్తడబ్బా. అవి తెరుచుకోవు కాబట్టి పోయేది" అంది. "ఇప్పుడు టెంటు చింపితే తీపి అని తెలిసింది. రేపటినుంచి ప్రతి టెంటూ చింపి చూస్తుంది. లోపల ఎవరున్నా."

అవతలి వాలులో ఇంకో రెండు కుటుంబాలు దిగి ఉన్నాయట. ఆవిడ అన్నయ్యను కారు తీసుకుని అటువైపు మట్టిరోడ్డులో హారన్ కొట్టుకుంటూ వెళ్లి వాళ్లను ఉన్నపళంగా కిందికి తెమ్మని పంపింది. తను వైర్‌లెస్‌లో ఎవరితోనో మాట్లాడింది. "తుపాకీ" అన్న మాట మాత్రం నాకు వినిపించింది. మా ఆయన రెండు చేతుల్లో తల పెట్టుకుని బల్ల మీద కూర్చుండిపోయాడు. హారన్ చప్పుడు కొండ చుట్టూ తిరుగుతూ దూరమైంది.

అప్పుడు గార్డమ్మ నావైపు తిరిగింది. "పిల్లని ఆ గుడ్డకి ఆనించే పడుకోబెట్టారా?"

బన్ను చెంప మీద టెంటు గుడ్డ నేత ఇంకా అచ్చుపడి ఉంది. చెయ్యి జుట్టులో పెడితే వేళ్లు అంటుకున్నాయి. మా కారు అన్నయ్యతో పోయింది. అది తిరిగి వచ్చేదాకా మేం ఈ గదిలోనే. గది కిటికీకి ఉన్నది వల మాత్రమే.

గది పక్కన కుళాయి ఉంది. బన్ను బట్టలన్నీ విప్పేసి దాన్ని కుళాయి కింద నిలబెట్టాను. చన్నీళ్లకు ఎగిరిపడి ఏడ్చింది. జుట్టు కడిగాను, మెడ మడతలు కడిగాను, వేళ్ల సందులు కడిగాను. వాసన లేని సబ్బు ఉందని గార్డమ్మ ఇచ్చింది. మళ్లీ కడిగాను. పిల్ల పెదాలు నీలంగా మారుతున్నాయి. దాని నెత్తి మీద ముక్కు పెట్టి పీల్చాను. నీళ్ల వాసన. నా పిల్ల వాసన. అంతకుమించి నాకేమీ తెలియడం లేదు.

"పోయిందా వదినా?"

వదిన వంగి వాసన చూసింది. "పోయింది" అంది. వెంటనే ఆమె కళ్లు నీళ్లతో నిండాయి. "ఏమోనే. నేను చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే."

పైన కొండ మీద, మేం దిగివచ్చిన బాట వైపు, పిట్టలు ఒక్కసారిగా లేచాయి. మలుపు దగ్గర ఒకసారి, మలుపుకు ఇవతల ఇంకోసారి. గార్డమ్మ తలెత్తి చూసింది. గోడకు వేలాడుతున్న కర్ర అందుకుంది.

నేను పిల్లను రెండు చేతులతో ఎత్తి ఆవిడ ముఖం దగ్గర పెట్టాను. "మీరు చూడండి. మీ ముక్కు మంచిది. మీరు చెప్పండి."

ఆవిడ బాట మీంచి చూపు తిప్పకుండానే బన్ను తలకు ముక్కు ఆనించింది. ఒకసారి పీల్చింది. ఆగింది. చెవి వెనక ఇంకోసారి పీల్చింది. నేను ఆవిడ ముఖమే చూస్తున్నాను.

"లోపలికి తీసుకెళ్లి తలుపు వెయ్యి" అంది. "బకెట్టు నీళ్లు కూడా పట్టుకెళ్లు. లోపల ఇంకోసారి కడుగు."